గాలి పోయే వైపు పల్లెలు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఎడారిలో అణుబాంబు పరీక్షకి గాలి ఎటు వీస్తుందో చూసి చెప్పినవాడివని, కూర్మన్నపాలెం సభలో నీ పేరున నాకు శాలువా కప్పబోయారు.

“మీ తమ్ముడు సెప్పిన రోజునే పేల్చేరమ్మా. విషపు దుమ్ము లేసినా పట్నాల మీద పడదన్నాడు,” అన్నాడు సభ పెద్ద.

“మరెటు పడతాదన్నాడు బాబూ?”

“అటన్నీ సిన్న పల్లెలే.”

“ఆళ్లకి ముందు సెప్పేరేటి?”

“సెప్తే గుట్టు దాగుద్దేటమ్మా!” అని నవ్వాడు.

వడ్లు తూర్పారబట్టే ముందు, పొట్టు పడేవైపు పగవాడు కూర్చున్నా లేపుతాం మనం. ఆ పల్లెలవాళ్లని లేపమని అడిగితే నీ నోరు మూయించారని సెలవుకొచ్చినప్పుడు నాతో అన్నావు. ఆ మాటే మైకులో మొదలుపెట్టాను. మైకు ఆపేశారు. పొలంలో అవతలి గట్టున ఉన్న నిన్ను అన్నానికి పిలిచే గొంతుతో, మిగతాదంతా చివరి వరస దాకా వినిపించాను.

అక్క