ఎర్ర మూత డబ్బా

మైలాపూరు,
జనవరి 19.

గౌరవనీయులైన దామోదరం గారికి,

నమస్కారాలు. నా పేరు సాయి తేజ. మాది గుంటూరు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాధవరంలో మీ కార్ల రిపేరు షెడ్డు గోడ మీద "నోటిమాటకు సాక్షి లేదు. ఏదైనా రాసి పంపవలెను" అన్న బోర్డు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా చేతికి 1964 బీటిల్ కారు ఒకటి వచ్చింది. ఇంజను వెనక. మార్చి 8న శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద పాత కార్ల సరదా పందెంలో దింపాలి. ముందు భాగం అరిగిపోయింది. ముందు చక్రాలను పట్టి ఉంచే పాత లింకు పిన్నుల యాక్సిల్ పీకేసి, తర్వాతి మోడల్‌కి వచ్చే బాల్ జాయింట్లది వేసి, బండిని నాలుగంగుళాలు కిందికి దించుదామనుకుంటున్నాను. యూట్యూబులో ఒకాయన అలాగే చేశాడు. నాలుగు టైర్లకీ ముప్పై గాలి కొట్టిస్తాను. సరిపోతుందా?

ఇట్లు,
మీ సలహా కోరే సాయి తేజ

తా.క.: ముందు బరువు చాలకపోతే ఇసుక మూట వేస్తాను.

*

మాధవరం,
జనవరి 24.

సాఫ్ట్‌వేర్ మహానుభావుడు సాయి తేజకు దామోదరం రాయునది,

ఈడ అందరం బాగుండాం. నీ ఉత్తరం చదివినాక నేనొక్కడినే కొంచెం బాగలేను.

ఆ యూట్యూబాయన బండిని నడిపినాడా, కడిగి ఫొటో దిగినాడా? ఇంజను వెనకుంటే ముక్కు తేలిక. మలుపులో స్టీరింగ్ తిప్పితే బండి నీ మాట వినాలంటే ముందు చక్రం నేలను వదలకూడదు. బాల్ జాయింటంటే గుండు ఒక గిన్నెలో తిరగడం. నాలుగంగుళాలు దించితే ఆ గుండు ఒక పక్కకు వాలి గిన్నె అంచుకు తట్టుకుంటుంది. మెడ పట్టేసినోడిని తలాడించమన్నట్టు ఉంటుంది. లింకు పిన్నుకు ఆ రోగం లేదు. బండితో పుట్టింది, ఉండనీ. రెండంగుళాలు దించు, చాలు.

గాలి ముందు పద్దెనిమిది, వెనక ఇరవయ్యారు. నాలుగింటికీ ముప్పై అన్నోడికి స్టీరింగే కాదు, గాలి పంపు గూడా ఇవ్వకూడదు.

ఇట్లు,
దామోదరం (సంతకం పెట్టినా, దాచుకో)

తా.క.: ఇసుకను మెరీనాలోనే ఉండనీ.

ఇంకో తా.క.: నీ ఉత్తరాన్ని గ్రీసు చేత్తో విప్పితే సగం అక్షరాలు మరకలో పోయినాయి. మా షెడ్డులో కాగితం మడిచే పద్ధతి వేరే. నీకు చెప్పినా రాదు.

*

మైలాపూరు,
ఫిబ్రవరి 2.

దామోదరం గారికి,

నమస్కారం. మీ తిట్లు క్షేమంగా చేరాయి. సరే, లింకు పిన్నులే ఉంచాను. కొత్త పిన్నులు, కొత్త బుష్‌లు వేయించాను. అయినా చక్రాన్ని పైన పట్టుకుని ఊపితే టకటకమంటోంది. పిన్ను మీద పల్చటి వాషర్లు ఎనిమిది ఉన్నాయి. ఎందుకో తెలియలేదు. వాటిని తీసి పారేసి, బోల్టు బలం కొద్దీ బిగించేస్తే చప్పుడు పోతుంది కదా?

ఇట్లు,
సాయి తేజ

తా.క.: ఇంట్లో ఎవరికైనా ఈ పని నేర్పి ఉంటే నన్ను భరించే బాధ వాళ్ళు పడేవారు. మీకు బీపీ తగ్గేది.

*

మాధవరం,
ఫిబ్రవరి 7.

వాషర్లు పారేసే మేధావికి దామోదరం దణ్ణం పెట్టి రాయునది,

అవి వాషర్లు కావు నాయనా, సందు సరిచేసే షిమ్ములు. పిన్నుకు ఎనిమిది అంటే ఎనిమిదే. లోపలిపక్క ఎన్ని, బయట ఎన్ని అనేదాంట్లోనే ఉండాది విద్యంతా. పై పిన్నుకు లోపలిది ఒకటి తీసి బయటికి మార్చితే చక్రం తల లోపలికి వాలుతుంది. మలుపులో పట్టు దొరుకుతుంది. పిన్నును గట్టిగా బిగించి, మళ్ళీ వీసమెత్తు వెనక్కి వదులు. చక్రాన్ని గాల్లోకి లేపి గ్రీసు కొట్టు. కింద పెట్టి కొడితే గ్రీసు పోవాల్సిన చోటికి పోదు. ఇదంతా చదివి గూడా నువ్వు బలం కొద్దీ బిగిస్తావు, నాకు తెలుసు.

అరిగిన షిమ్ములు మళ్ళీ వాడొద్దు. మంచివి నా బెంచి కింద రెండో అరలో, ఎర్ర మూత డబ్బాలో ఉండాయి. నీకెందుకులే, ఊరికే రాస్తుండా. వచ్చే ఆదివారం మా ఆవిడ అలమేలును తీసుకుని వదిన ఇంటికి పోతుండా. పొద్దు గుంకే దాకా షెడ్డులో ఎవరూ ఉండరు, ఉత్తరాలు పంపి ప్రాణం తీయొద్దు.

నేర్పడమా? నాకు జనని అని ఒక కూతురుంది. పన్నెండేండ్ల వయసు నుంచి అడుగుతా ఉంది. బి.ఈ. చదివించి మనలి ఊళ్ళో ఏసీ ఆఫీసులో కూర్చోబెట్టినా. షెడ్డు గడప తొక్కనియ్యనని అలమేలుకు మాట గూడా ఇచ్చినా. నలబై ఏండ్లుగా నా గోళ్ళ సందు నలుపు పోలేదు. దాని చేతులు అట్లయితే నేను చూడలేను. నా ఇంటి సంగతి నీకు అనవసరం.

ఇట్లు,
దామోదరం

తా.క.: ఈసారి నీ ఉత్తరం మరక లేకుండా విప్పుకుంది.

*

మైలాపూరు,
ఫిబ్రవరి 18.

దామోదరం గారికి,

ఈసారి నమస్కారం పెట్టాలని లేదు. అయినా పెడుతున్నాను.

మీ గోళ్ళ సంగతి నేను అడగలేదు. ఆ అమ్మాయి గోళ్ళు ఆ అమ్మాయివి కదా? నలబై ఏళ్ళ విద్యను ఎర్ర మూత డబ్బాలో పెట్టి ఎవరికి దాస్తున్నారు?

ఇక పని సంగతి. టకటక పోయింది. నిన్న ట్రాక్ మీద నడిపి చూస్తే మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ మీది కాలు తీసేశాను. తోక తిరిగి బండి వచ్చిన దారినే చూస్తూ ఆగింది. ముందు రెండు చక్రాలనూ కలిపే ఆ అడ్డ కడ్డీ వల్లేమో, తీసేయనా?

ఇట్లు,
సాయి తేజ

*

మాధవరం,
ఫిబ్రవరి 21.

సాయి తేజకు,

తీసెయ్. స్టీరింగ్ గూడా తీసెయ్, బరువు తగ్గుతుంది.

ఆ కడ్డీ ఉండబట్టే బతికినావు. ఇంకా లావుది వెయ్. తోక తిరిగింది కడ్డీ వల్ల కాదు, నీ కాలి వల్ల. వెనక ఇంజనున్న బండిలో భయపడాలంటే మలుపుకు ముందే భయపడు. లోపలికి పోయినాక కాలు తీయొద్దు. ఈ ఒక్క ముక్క నేర్చుకోడానికి నాకు రెండు పక్కటెముకలు విరిగినాయి. నీకు కాగితం మీద ఊరికే వస్తా ఉంది.

ఇట్లు,
దామోదరం

తా.క.: హెల్మెట్ పట్టీ రెండు సార్లు చూసుకో. నీ మీద ప్రేమతో కాదు.

*

నీ బెంచి మీద పెట్టిన ఉత్తరం,
మార్చి 9.

నాయనకు జనని రాయునది,

సాయి తేజ అనేవాడు లేడు. కారు నా ఫ్రెండు నివేదిత వాళ్ళ తాతది, మైలాపూరు చిరునామా వాళ్ళిల్లే, చేతిరాత గూడా దానిదే. కూతురు అడిగితే నువ్వు నోరు విప్పవు. మూర్ఖుడు కనబడితే మాత్రం సరిదిద్దకుండా నిద్రపోలేవు. అందుకే ఒక మూర్ఖుడిని తయారుచేసినా.

ముందు చక్రాల పనంతా నేనే చేసినా, నిన్న నేనే నడిపినా. ఏడో స్థానం. ఒక్కసారి గూడా తిరగలేదు. నువ్వు సంతకం పెట్టిన ఉత్తరాలు మూడు నా దగ్గర ఉండాయి, కాబట్టి నాకు నేర్పలేదని ఇక అనలేవు.

ఇట్లు,
నీ జనని

తా.క.: ఎర్ర మూత డబ్బా తీసిన చోటనే పెట్టినా.

*

నీ టిఫిన్ డబ్బా కింద పెట్టిన ఉత్తరం,
మార్చి 10.

ఏడో స్థానం జననికి నాయన రాయునది,

మొదటి ఉత్తరంతో నన్ను మోసం చేసినావు, ఒప్పుకుంటా. రెండో దాంతో దొరికిపోయినావు. రాసిన పక్క లోపలికేసి, ఒక కొస నాలుక మాదిరి బయటికి వదిలి మడవడం ఈ మదరాసులో ఇద్దరికే తెలుసు. ఒకడు నేను. రెండోది ఆరేండ్లప్పుడు నా బెంచి మీద కూర్చుని బిల్లులు మడిచేది.

డబ్బా ఏ అరలో ఉందో ఏ కస్టమరుకైనా రాస్తానా? నీ కోసం ఆ ఆదివారం పొద్దు గుంకే దాకా మీ పెద్దమ్మ ఇంట్లో కూర్చుని ఆమె వీణ విన్నా.

నిన్ను గడప తొక్కనియ్యనని మీ అమ్మకు మాటిచ్చిన సంగతి నిజమే. కాని అది నోటిమాట. బోర్డు చూసినావు కదా.

నిన్న కాదు, మొన్న మూడో మలుపు కాడ టోపీ పెట్టుకుని నిలబడి చూసినా. నువ్వు కాలు తీయలేదు. నేను మాత్రం నేల మీద లేని బ్రేకును తొక్కినా. తొమ్మిది బండ్లలో ఏడో స్థానం సిగ్గుచేటు. ఎడమ పై పిన్నుకు లోపలిపక్క ఒక షిమ్ము ఎక్కువేసినావు, మలుపులో బండి ముక్కు బయటికి పోతా ఉంది. శనివారం ఎనిమిదికి షెడ్డుకు రా. ఈ ఉత్తరం మీ అమ్మ కంట పడనియ్యొద్దు, ఇది రాతలో ఉండాది.

ఇట్లు,
దామోదరం

తా.క.: గోళ్ళు కత్తిరించుకుని రా.