రేపటి సంగతి డెఫినెట్లీ అనకూడదు

శనివారం, రాత్రి

బత్తలపల్లెలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఈరోజు మా అమ్మాయి సునీతకు ఇంటర్వ్యూ. నిన్నంతా అద్దం ముందు నిలబడి "ఐ విల్ డెఫినెట్లీ కమ్" అని వల్లించింది. నాకు మనసొప్పలేదు. రేపటి సంగతి మనమే అంత గట్టిగా తేల్చేస్తే ఇక స్వామికి ఏం మిగిలింది? శెనక్కాయ విత్తనం వేసిన రోజు కూడా మా ఇంట్లో ఎవరూ పంట వస్తుందని అనరు.

"ఆ మాట వద్దు పాపా. ప్రాబబ్లీ అను, అణకువగా ఉంటాది" అన్నాను.

పిచ్చిది, నా మాట విన్నది. సోమవారం నుంచి వస్తావా అని అడిగితే "ఐ విల్ ప్రాబబ్లీ కమ్" అన్నదట. రోజూ వేళకు వస్తావా అంటే దానికీ ప్రాబబ్లీనే.

"ఏమమ్మా, నువ్వు వచ్చేదుండాదా, లేదా?" అన్నాడట హెడ్మాస్టరు.

"ఇంటర్వ్యూకి పోయింది నేనమ్మా, నీ దేవుడు కాదు" అని సాయంత్రం నుంచి గొణుగుతూనే ఉంది.

"ఉద్యోగం ఇచ్చినట్టేనా?" అని మెల్లగా అడిగాను.

"ప్రాబబ్లీ అన్నాడు."

దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. స్వామీ, మేమైతే అనకూడదు. నువ్వు అనొచ్చు కదా, ఒక్కసారి, డెఫినెట్లీ అని...