ఉయ్యాలలు లేని చోటు

వదినగారికి నమస్కారం.

మెసేజ్ పెడితే మీ చెల్లెలు ప్రవల్లిక నా ఫోన్‌లో చూస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

లేక్ డిస్ట్రిక్ట్‌లో మీరు ఏటా వెళ్లే క్యాంప్‌సైట్ మంచిదే. పిల్లలకు ఉయ్యాలలున్నాయని మార్చిలో తనే మాకూ దాన్ని ఎంచింది. "వచ్చే ఏడాదికీ ఇదే పనికొస్తుంది" అంది. పోయిన వారం తనే వద్దంది. సరస్సుకు అవతల, అడవిలో, పిల్లల్ని రానివ్వని సైటు ఒకటుంది. అక్కడ టెంటుకి చోటు బుక్ చేశాను. సాయంత్రాలు దోమలెక్కువట. పర్వాలేదంది.

ఎందుకు మార్చారని తనని అడగకండి. మూడో నెల దాటాక మీకు చెబుదామని ఆగాం. మూడో నెల దాకా నిలవలేదు.

ఎప్పుడైనా తనే చెబితే, మొదటిసారి వింటున్నట్టే వినండి.

మీ మరిది
లీడ్స్