నాలుగు పిన్నీసులు

తార్బ్,
20 జూలై 1993

మొస్యూ లకాజ్ గారికి,

ఉత్తరం ‘ప్రియమైన’ అని మొదలుపెట్టడం మర్యాద. ఈసారికి ఆ మర్యాద మీకు దక్కదు.

నేనెవరో గుర్తు రాకపోతే చెబుతాను. మొన్న ఆదివారం మూడు కనుమల సైకిల్ సవారీలో, చివరిదైన సర్రాద్ కనుమ మీద, గొర్రెల కాపరి గుడిసె దగ్గరి మలుపులో మీరు చీపురు బండిలోంచి దిగి, “మదామ్, ఇక చాలు, అయిపోయింది” అంటూ వీపు మీది నంబరు తీసేసిన ఆడమనిషిని. ఎర్ర చొక్కా. బండిలో ఏడుస్తూ మీ ఫ్లాస్కులో కాఫీ తాగింది నేనే. కాఫీ బాగుంది, అది వేరే సంగతి.

అక్కణ్ణించి పైన జెండా కనిపిస్తోంది. జనం చప్పట్లు వినిపిస్తున్నాయి. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే ఎవరి కొంపలు మునిగేవి? వెనకబడినవాళ్ళని ఎక్కించుకుపోవడానికి ఒక బండి ఉండాలి, సరే. దాని నెత్తిన నిజంగానే ఒక చీపురు కట్టుకుని తిరగాలా?

నేను స్కూలు క్యాంటీన్లో వంటమనిషిని. నలభై ఆరో ఏట సైకిలెక్కాను. మా క్లబ్బులో మిగతా అందరూ మగాళ్ళే, మా ఆయన గాస్తోన్‌తో సహా. ఏళ్ళ తరబడి వాళ్ళకోసం కనుమల మీదికి రొట్టెలు మోసిన మనిషిని, నేనూ తొక్కుతానంటే పడీ పడీ నవ్వారు. ఇప్పుడు క్లబ్బులో నేను కోటు తగిలించే కొక్కేనికి చిన్న చీపురొకటి వేలాడదీశారు. “సొలాంజ్, ఎలాగూ ఆ బండిలోనే వచ్చావుగా, ఈ గది కూడా ఊడ్చెయ్!” అట. మా ఆయనా నవ్వాడు. మీరివ్వని ఐదు నిమిషాలకి నాకు జరిగిన సన్మానం అది.

ఇంకో మాట. నంబరు నా చేతిలో పెట్టారు గానీ, దాని నాలుగు పిన్నీసులు మీ జేబులో వేసుకున్నారు. అవి నిర్వాహకులిచ్చినవి కావు, మా ఇంట్లోవి. తిప్పి పంపండి.

మర్యాదకి మాత్రమే నమస్కారాలతో,
సొలాంజ్ దుఫో


అర్గాస్,
4 ఆగస్టు 1993

ప్రియమైన మదామ్ దుఫో,

కోపం మీది కాబట్టి, నేను ‘ప్రియమైన’ అనొచ్చు.

పిన్నీసులు కవరులో పెట్టాను. రోడ్డు మీద పడితే గొర్రెల గిట్టల్లో దిగుతాయని జేబులో వేసుకోవడం నాకు అలవాటు. ఇంటికొచ్చాక ఒక పాత ఆవముద్ద సీసాలో పోస్తాను. అందులో మీవేవో తెలియలేదు. తుప్పు పట్టనివి చూసి నాలుగు ఏరాను.

ఇక ఆ ఐదు నిమిషాలు. నేను ఈ లోయలో స్కూలు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. టైమంటే టైమే అంటాడని పేరుంది కాబట్టే ఈ బండి నా నెత్తిన పెట్టారు. మీరెక్కేసరికి వెనక సీట్లో ఇద్దరున్నారు, గుర్తుందా? ఆ పొడుగాయన కూడా నన్ను ఐదు నిమిషాలే అడిగాడు. ఇవ్వలేదు. అదే ఐదు నిమిషాలు ఆయన కళ్ళెదుట మీకిస్తే, మళ్ళీ ఆ మనిషి మొహం ఎలా చూడను? పైగా వేళ దాటితే రోడ్డు తెరిచేస్తారు. పశువుల లారీలు మీ పక్కనుంచే దిగుతాయి.

నంబరు తీసేటప్పుడు నా చేతులు వణుకుతాయి మదామ్, ఇన్నేళ్ళయినా. వీపు మీద జరిగే పని కాబట్టి ఎవరికీ కనిపించదు.

కోప్పడనంటే ఒకటి చెబుతాను. మీరు ఓడింది కాళ్ళ వల్ల కాదు. రెండో కనుమ దిగాక తిండి బల్ల ఉంది చూడండి, అక్కడ. బల్ల దగ్గరి ఆయన రొట్టె మందంగా కోస్తున్నాడని మీరు ఆయన చేతిలోంచి కత్తి లాక్కున్నారు. మీ ఎర్ర చొక్కాలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, తిన్నారు, పోయారు. మీరు మీ నీళ్ళ సీసా కూడా నింపుకోకుండా, చివరి మనిషి తినేదాకా కోస్తూనే ఉన్నారు. వెనక బండిలో కూర్చుని నేను “ఎక్కు తల్లీ, సైకిలెక్కు” అనుకుంటూనే ఉన్నాను. మీరడిగిన ఐదు నిమిషాలు ఆ బల్ల మీదే మిగిలిపోయాయి.

మీ చీపురు బండి డ్రైవరు,
ఫెర్నాన్ లకాజ్


తార్బ్,
12 సెప్టెంబరు 1993

ప్రియమైన మొస్యూ లకాజ్,

ఇదిగో, ‘ప్రియమైన’ వచ్చేసింది, తీసుకోండి.

మీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. నేనెప్పుడు కోశాను రొట్టె అనుకున్నాను. గాస్తోన్‌ని అడిగాను.

“ఆ రోజు బల్ల దగ్గర నీకు రొట్టె ఎవరిచ్చారు?”

“నువ్వే. సాసేజ్ కూడా పల్చగా కోశావు, ఎంత బాగుందో!”

“పోటీలో ఉన్నదానివి, నువ్వెందుకు కోస్తున్నావని అడగలేదేం?”

“ఎప్పుడూ నువ్వే కదే కోసేది!” అన్నాడు, అమాయకంగా.

ఆయనకి నిజంగానే వింతగా అనిపించలేదు పాపం. అసలు సంగతేమిటంటే, నాకూ అనిపించలేదు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. తర్వాత వంటింట్లోకి వెళ్ళి నేనొక్కదాన్నే కాసేపు ఏడ్చాను.

వచ్చే జూలైలో ఆ జెండా దాటాలి. దాటకపోతే బతికినంతకాలం నేను రొట్టెలు కోసే సొలాంజ్‌నే. మా క్లబ్బులో నన్ను ముందునుంచి చూసి నవ్వేవాళ్ళే గానీ, వెనకనుంచి నేనెలా తొక్కుతానో చూసింది మీరొక్కరే. ఏం చెయ్యాలో చెప్పండి. కొక్కేనికి ఆ చీపురు అలాగే ఉంది. నేనే తియ్యనివ్వలేదు.

కృతజ్ఞతతో (రాయడానికి కాస్త కష్టంగానే ఉంది),
సొలాంజ్ దుఫో


అర్గాస్,
5 డిసెంబరు 1993

ప్రియమైన మదామ్ దుఫో,

జవాబు ఆలస్యమైంది. చెప్పేముందు ప్రతిదీ నా మీద ప్రయోగించి చూసుకున్నాను, అదీ కారణం.

మీ ఊళ్ళో కొండల్లేవు గానీ గాలి ఉంది. ఎదురుగాలి వీచే రోజు చూసుకుని మరీ బయల్దేరండి. అదే మీ కొండ. చలికాలమంతా చిన్న గేరులో తొక్కండి, బలం చూపించకండి. మగాళ్ళ గుంపు వెనక గాలి చాటున దాక్కోకండి. ఆకలెయ్యక ముందే జేబులోంచి తీసుకుని సైకిల్ మీదే తినండి. కనుమ దిగేముందు చొక్కాలోపల పాత పేపరు పెట్టుకోండి, చెమట గుండెల మీద చల్లబడకుండా ఉంటుంది.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒకటే. వారానికోసారి భోజనాల బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చోండి. రొట్టె గాస్తోన్ గారిని కొయ్యమనండి. ఎంత వంకరగా కోసినా లేవకండి, నోరు మెదపకండి. మీకిదే అన్నిటికంటే కష్టమైన సాధన.

ఇక్కడ మంచు పడింది, సర్రాద్ మూసేశారు. లేకపోతే ప్రతి ఆదివారం నా పాత ఆకుపచ్చ సైకిల్ మీద ఎక్కుతాను, ఆ సవారీ రోజు తప్ప.

మీ,
ఫెర్నాన్ లకాజ్


తార్బ్,
20 మార్చి 1994

ప్రియమైన ఫెర్నాన్ గారూ,

మీ వల్ల మా ఇంట్లో రక్తం కారింది! గాస్తోన్ రొట్టె కొయ్యబోయి బొటనవేలు కోసుకున్నాడు. నేను లేవలేదు. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. “చచ్చిపోతున్నా, చూడవేం?” అన్నాడు. “చావవులే, కట్టు కట్టుకో” అన్నాను. ఆయన కోసే ముక్కలు తలగడల్లా ఉంటాయి. నోరు మూసుకుని తింటున్నాను. నిజం చెప్పనా, నాలుగో ఆదివారం నుంచి వాటి రుచి కూడా బాగుంది. ఎవరో కోసిచ్చింది కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో!

గాలి సంగతి అడక్కండి. కాలవ గట్టు మీద ఒంటరిగా తొక్కుతూ మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను. ఆ తిట్లు మాత్రం ఉత్తరంలో రాయను. కానీ ఈ మధ్య తిడుతూ కూడా ఆయాసం రావడం లేదు.

మీ ఉత్తరంలో ‘ఆ సవారీ రోజు తప్ప’ అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. అంటే మీరు ఎన్నడూ వీపుకి నంబరు పెట్టుకోలేదా? ఎందుకని?

ఇకనుంచి నన్ను నువ్వు అనండి. నేను మాత్రం మీరు అనే అంటాను, మీ మీసాలంటే భయం.

మీ శిష్యురాలు,
సొలాంజ్


అర్గాస్,
9 జూన్ 1994

ప్రియమైన సొలాంజ్,

నువ్వు అన్నాను, చూశావా. అందుకే జవాబుకి ఇంతకాలం పట్టింది.

సర్రాద్ తెరిచారు. రోడ్డుకి రెండు పక్కలా ఇంకా నా భుజాల ఎత్తు మంచుంది. నీ మలుపు దగ్గర ఆగి నీళ్ళు తాగాను. అక్కణ్ణించి పైకి కనిపించినంత దూరం లేదు, ధైర్యంగా ఉండు.

నువ్వడిగినదానికి జవాబు చిన్నదే. ఎవరో ఒకరు ఆ బండిలో కూర్చోవాలి. ఇంకెవరూ ముందుకు రారు. గెలిచినవాళ్ళకి పూలదండ వెయ్యడానికి ఊరంతా వస్తుంది గానీ, ఏడ్చేవాళ్ళకి కాఫీ పొయ్యడానికి ఎవరొస్తారు? మా ఆవిడ బతికుండగా అడిగేది, “ఒక్క ఏడాది నువ్వూ ఎక్కరాదా?” అని. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే ఉన్నాను. ఆమె వెళ్ళిపోయాక ఆ మాట అడిగినదానివి నువ్వే.

ఈసారి కూడా నీకోసం ఆగను. ముందే చెబుతున్నాను.

నీ,
ఫెర్నాన్


తార్బ్,
19 జూలై 1994

ప్రియమైన ఫెర్నాన్ గారూ,

నిన్నంతా కాళ్ళు కదల్లేదు. ఇవాళ చెయ్యైనా కదులుతోంది కాబట్టి రాస్తున్నాను.

తిండి బల్ల దగ్గర నీళ్ళు నింపుకుంటుంటే గాస్తోన్ అరిచాడు: “సొలాంజ్, ఈ రొట్టె ఎలా కోశారో చూడవే!” “తిను” అన్నాను. సైకిలెక్కేశాను. వెనక ఎవరో పకపకా నవ్వారు. బండిలోంచి ఆ నవ్వింది మీరేనా?

కాపరి గుడిసె దగ్గరికొచ్చేసరికి మీ ఇంజను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఏడాదిగా నా కలల్లో వింటున్నదే. తిరిగి చూడలేదు. మీరు హారన్ కొట్టలేదు, తొందరపెట్టలేదు, ఆగనూ లేదు. మీరు ఆగరని తెలుసు కాబట్టే నేనూ ఆగలేదు. జెండా దాటాక సైకిల్ దిగడం చేతకాక అలాగే నిలబడిపోతే ఇద్దరు పట్టుకుని దింపారు. అప్పుడు మీరొచ్చారు. టోపీ తీశారు. నా వీపు మీద వంకరగా ఉన్న నంబరు సరిచేసి వెళ్ళిపోయారు. ఆ పిన్నీసులు మీరు పంపినవే.

నాకు జన్మలో ఎవరూ అంతకంటే పెద్ద బహుమతి ఇవ్వలేదు, ఫెర్నాన్ గారూ. మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తీరదు. అందుకని చెప్పడం మానేసి ఒక పని చేశాను. నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి, వచ్చే ఏడు చీపురు బండి నేను నడుపుతానని చెప్పాను. క్యాంటీన్ వ్యాను రోజూ నడిపేదాన్ని, నాకదో లెక్కా! మీ పేరు పోటీలో రాయించాను. కొక్కెం మీది చీపురు గాస్తోన్ తనే తీసి తెచ్చిచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని. దాన్ని బండి నెత్తిన కడతాను.

కాదనకండి.

మీ,
సొలాంజ్


అర్గాస్,
2 ఆగస్టు 1994

ప్రియమైన సొలాంజ్,

నీకు మతి పోయిందా? నాకు అరవై ఎనిమిది. మోకాలు ఒకటే మంచిది. నేను బస్సు డ్రైవర్ని, పోటీలో తొక్కేవాణ్ణి కాను. ఎవరినడిగి రాయించావు? వెళ్ళి కొట్టేయించు.

ఫెర్నాన్

తా.క. మూడు రోజులు ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు. సరే. కానీ ఒక షరతు. నా కోసం నువ్వు ఆగకూడదు. మాటివ్వు.


తార్బ్,
1 జూలై 1995

ప్రియమైన ఫెర్నాన్ గారూ,

పోయినేడు మీరడిగిన మాట ఇప్పుడిస్తున్నాను. నాలుగు పిన్నీసులు కవరులో ఉన్నాయి. నిద్ర సరిగ్గా పోండి.

మీ,
సొలాంజ్


అర్గాస్,
18 జూలై 1995

ప్రియమైన సొలాంజ్,

జరిగిందంతా నువ్వు చూసిందే. అయినా నా వైపునుంచి చెప్పాలి.

మొదటి రెండు కనుమలూ బాగానే ఎక్కాను. మోకాలు బుద్ధిగా ఉంది. నీళ్ళు నింపుకున్నాను, తిన్నాను, నువ్వు ముచ్చటపడేటట్టు తొక్కాను. సర్రాద్ మొదలయ్యాక నా వ్యవహారం చెడింది. ఒకాయన సైకిల్ దిగి నడుస్తున్నాడు. ఆయన్ని దాటి ముందుకెళ్ళలేకపోయాను. దిగి ఆయన పిక్కలు రుద్దాను. ఇంకొకాయనకి టైరు వేశాను. ఒకమ్మాయి రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆమెకి నా ఫ్లాస్కులో కాఫీ పోశాను. కనుమలెక్కే మనిషి ఫ్లాస్కు ఎందుకు మోశాడని అడగకు. నీకు ఆ బల్ల ఎలాగో నాకు వాళ్ళు అలాగ. ఆ అమ్మాయి కాఫీ తాగి నన్నే దాటి పైకి చేరింది.

కాపరి గుడిసె దగ్గర ఇంజను వినిపించింది. లోపల కూర్చుంటే ఆ చప్పుడు ఎంత మామూలుగా ఉంటుందో, బయట ఎంత భయంగా ఉంటుందో! పైన జెండా కనిపిస్తోంది. నువ్వు దిగావు. “ఫెర్నాన్ గారూ, ఇక చాలు. అయిపోయింది” అన్నావు.

అప్పుడు నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

“ఐదు నిమిషాలు ఆగు, సొలాంజ్.”

ఇన్నేళ్ళు ఎంతమందికి కాదన్నానో, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నువ్వు నా మొహంలోకి చూసి, “వెనక సీట్లో ఇద్దరున్నారండీ” అన్నావు. ఆగలేదు. నంబరు తీస్తుంటే నీ చేతులు వణుకుతున్నాయి. వీపు మీద జరిగే పని కనిపించదని నేను రాశానే, అది తప్పు. కనిపించదు గానీ తెలుస్తుంది. నువ్వొక్క నిమిషం ఆగి ఉంటే అది జాలి అయ్యేది. ఆగలేదు, కాబట్టి నేను నిజంగా పోటీలో ఉన్నాను. అరవై తొమ్మిదో ఏట నిజంగా ఓడిపోయాను. ఎంత సంతోషంగా ఉందో నీకెలా చెప్పను!

ఇంకొకటి. బతుకంతా అందరికంటే వెనక ఉండి, మిగిలినవాళ్ళని ఎక్కించుకొచ్చేవాణ్ణి నేను. నా కోసం కూడా వెనక ఒకరొస్తారని ఏనాడూ అనుకోలేదు. నువ్వొచ్చావు. తలుపు తీశావు. కాఫీ పోశావు. సాసేజ్ కూడా కోసిచ్చావు, పల్చగా. నీ రుణం తీర్చుకోలేను తల్లీ.

నంబరు నా చేతిలో పెట్టావు గానీ, నాలుగు పిన్నీసులు నీ జేబులో వేసుకున్నావు. తిప్పి పంపు. వచ్చే ఏడు ఫ్లాస్కు తీసుకెళ్ళను.

నీ,
ఫెర్నాన్