ఫిల్టర్ పైన మిగిలింది

ఏలూరు, 2006 ఫిబ్రవరి, శుక్రవారం

చేత్తో ఎన్నడూ చేయని పనిని పిల్లలకు పాఠంగా చెప్పవచ్చా? లెక్చరర్‌గా చేరినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. బ్యాక్టీరియాలో ఉండే ప్లాస్మిడ్ డీఎన్‌ఏను సన్నని పొరతో వడకట్టి శుద్ధి చేయడం గురించి ఏళ్లుగా బోర్డు మీద బొమ్మలు గీస్తున్నాను. ఆ ఫిల్టర్లు మా ల్యాబ్‌కు వచ్చింది మాత్రం ఈ వారమే.

ఈ రోజు బ్యాక్టీరియాను పగలగొట్టి, పైకి తేలిన తేటను ఫిల్టర్‌లో పోసి పంపు వేశాం. మేం పెంచిన బ్యాక్టీరియా కల్చర్ ఆ ఒక్కటే. పరీక్షల లోపు మళ్లీ పెంచే వ్యవధి లేదు. తేటంతా దిగగానే కింది గొట్టాన్ని భద్రంగా పక్కన పెట్టి, ఫిల్టర్‌ను చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను. రోజూ పొద్దున్నే కాఫీ ఫిల్టర్‌తో చేసే పనే!

ఆకివీడు నుంచి రోజూ రైల్లో వచ్చే మా విద్యార్థిని షబానా పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి మేడమ్! డీఎన్‌ఏ పైనే ఉందండీ. పెద్దది కాబట్టి పొర దాటదని మీరే చెప్పారు కదండీ!"

"డికాక్షన్ కిందికి దిగిందనుకున్నానే తల్లీ."

"అయితే ఆ పిప్పి నాకిప్పించండి."

అందరం పడీ పడీ నవ్వాం. తను పొర మీద కాస్త బఫర్ ద్రావణం వేసి, కదిపి, డీఎన్‌ఏ కలిసిన ఆ ద్రావణాన్ని పైకి తీసింది. సాయంత్రం పరీక్షించే జెల్ పలక మీద, డీఎన్‌ఏ దక్కిందని చెబుతూ నారింజ రంగు గీత మెరిసింది. ఇంటికి వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

నా చేతిని ఆపింది నా పాఠమే. అంటే చెప్పవచ్చనా? ఆ పాఠం చెప్పిన మనిషే ఫిల్టర్ పారేయబోయింది. అంటే చెప్పకూడదనా? నిజంగా నాకింకా తేలలేదు.