పదకొండు జేబుల ప్యాంటు

1వ తేదీ, సోమవారం. ఉదయం 6.10

నేటి నుంచి నేను రైతుని. ఈ ఒక్క వాక్యం రాయడం కోసం పంతొమ్మిదేళ్ళు లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చున్నాను. వీడ్కోలు సభలో అందరి ముందూ చెప్పేశాను కూడా. "మీరు మట్టి గురించి పుస్తకాల్లో చదువుకోండి, నేను వెళ్ళి మట్టిలో పని చేస్తాను" అన్నాను. క్యాటలాగు సెక్షన్ ఆవిడ మొహం మాడిపోయింది. నాకది చాలు.

పొలం మా మేనత్తది. ఎకరంన్నర. ఆవిడకి డెబ్భై ఒకటి, మోకాళ్ళు మొరాయించాయి. పక్క పొలం ట్రాక్టరాయన కౌలుకి అడుగుతున్నాడు. అతన్ని అందరూ డీజిల్ అంటారు, మనిషి కంటే ముందు వాసన వస్తుంది కాబట్టి. అతనికి ఇచ్చే ముందు నాకొక అవకాశం ఇమ్మని అత్త కాళ్ళావేళ్ళా పడ్డాను. నిన్న నా దోసిట్లో గుప్పెడు బీన్స్ గింజలు పోసింది. బజారు సరుకు కాదు, ముప్పై ఏళ్ళుగా ఏటికేడూ తను దాచుకుంటూ వస్తున్న విత్తనం. మిగిలింది ఆ గుప్పెడే.

"ఇరవయ్యో తారీఖుకి ఇవి మొలిచి నా కంటికి కనబడాలి అమ్మాయ్. కనబడితే పొలం నువ్వు చేసుకో. లేదంటే డీజిల్‌తో కౌలు మాట ఖాయం చేసుకుంటా."

బీన్స్ మొలవడానికి వారం చాలు. నాకు ఇరవై రోజులు. పిల్లలాట.

ఉన్న సమస్యల్లా బట్టలు. అత్త వేషం చూస్తే ఎవరికైనా వ్యవసాయం మీద విరక్తి పుడుతుంది. పోయిన మామయ్య చొక్కా, నడుముకి పురికొస, ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి దాంతో సంబంధం లేని చెప్పు. నేను అలా చచ్చినా తిరగను. ఈ ఒక్క రోజూ బట్టలకి. ఒకే జత, సరైనది. రేపు ఆరింటికల్లా పొలంలో ఉంటాను.

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "పాత చుడీదారు ఉందిగా" అన్నారు. కొన్ని మాటలకి జవాబు చెబితే మన స్థాయి పడిపోతుంది.

2వ తేదీ, మంగళవారం. సాయంత్రం

పొలానికి వెళ్ళలేదు. నిన్న బట్టలు దొరకలేదు.

నిన్న మూడు షాపులు, ఈరోజు రెండు. ఆడవాళ్ళు పొలంలో పని చేస్తారన్న సంగతి బట్టల వ్యాపారులకు ఇంకా తెలిసినట్టు లేదు. ఒక షాపులో అమ్మాయి గులాబీ రంగు చేతి తొడుగులూ, పూల అంచు ఏప్రనూ తెచ్చి ముందు పెట్టింది.

"ఇవి లేడీస్‌వి మేడమ్. కుండీలకి నీళ్ళు పోసుకోవడానికి బావుంటాయి."

"నేను కుండీలకి రాలేదమ్మా. ఎకరంన్నరకి వచ్చాను."

"అయితే రెండు సెట్లు తీసుకోండి మేడమ్."

చివరికి మగవాళ్ళ సెక్షన్లో దొరికింది. ముదురు ఆకుపచ్చ పని ప్యాంటు, మోకాళ్ళ దగ్గర రెండు పొరల గుడ్డ, పదకొండు జేబులు. పదకొండు. ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో నా బట్టలన్నిటికీ కలిపి అన్ని జేబులు లేవు. షాపులోనే కళ్ళు చెమర్చాయి, అబద్ధం ఎందుకు.

పొడవు ఒక జానెడు ఎక్కువ. దర్జీకి ఇచ్చాను.

"పొలానికా మేడమ్? శుక్రవారం ఇస్తా. పొలం ఎక్కడికీ పోదుగా" అన్నాడు. చేతిలో సూది ఉంటే చాలు, అందరూ వేదాంతులే.

4వ తేదీ, గురువారం

ప్యాంటు దర్జీ దగ్గర. ప్యాంటు లేకుండా పొలానికి ఎలా వెళతాను? బూట్లు కొన్నాను. చీలమండ పైదాకా వస్తాయి. ఇంట్లో హాలు నుంచి వంటింటికి నాలుగుసార్లు నడిచి అలవాటు చేసుకున్నాను. మా ఆయన గచ్చు వైపు చూశారు. చూడడంలో కూడా ఒక రకం అనడం ఉంటుంది.

6వ తేదీ, శనివారం. ఉదయం 9.40

పొలంలో ఉన్నాను. పొలంలో కూర్చుని రాస్తున్నాను, 4వ నంబరు జేబులోంచి ఈ డైరీ తీసి. ఆరింటికి రావలసింది, జేబులు సర్దేసరికి ఈ వేళయింది.

1: రుమాలు
2: ఫోను
3: నీళ్ళ సీసా (చిన్నది)
4: డైరీ, పెన్ను
5: కొలత టేపు
6 (ఎడమ మోకాలి పక్కన, మూత ఉన్నది): అత్త ఇచ్చిన గింజలు
7: పురికొస (అత్తలా నడుముకి కాదు, సాలు తిన్నగా గీయడానికి)
8: బిస్కెట్లు
9, 10, 11: ఖాళీ. ఏం పెట్టాలో ఆలోచించాలి.

ఉదయం 10.20. గట్టు మీద నుంచి డీజిల్ అరిచాడు. "మేడమ్, కొలతలకి వచ్చారా? రోడ్డు పడుతోందా ఇటు?"

అతను వేసుకున్నది చిల్లుల బనీను, మోకాళ్ళ పైకి నిక్కరు. ఆ నిక్కరు అసలు రంగు ఏమిటో దేవుడికే తెలియాలి. ఆ అవతారంతో పొద్దున్నుంచీ అరెకరం దున్నాడట. నాకు ఒళ్ళు మండింది.

ఉదయం 10.45. వంగితే 3వ నంబరు సీసా పొట్టలో గుచ్చుకుంటోంది. కూర్చుంటే 5వ నంబరు టేపు. బూట్లకి మట్టి అంటుకుని ఒక్కొక్కటి ఇటుకంత బరువైంది. మొదటి రోజుకి ఇది చాలు. గింజలు సోమవారం పెడతాను, నేలని ముందు అర్థం చేసుకోవాలి.

8వ తేదీ, సోమవారం

రెండు మడమలూ బొబ్బలు. బూట్లు తిరిగి ఇచ్చేశాను. "ఇంట్లో వేసుకున్నారా మేడమ్?" అని అడిగాడు షాపతను. "ఇంట్లో ఎవరైనా బూట్లు వేసుకుంటారా?" అన్నాను. అడుగున ఉన్న మట్టి మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. సగం ధరే ఇచ్చాడు.

10వ తేదీ, బుధవారం

మందపాటి తోలు తొడుగులు కొన్నాను. పాత చెప్పులతోనే వెళ్ళాను, చూశారా, నాకు పట్టింపులేమీ లేవు. పై మడిలో గంటన్నర ఏకబిగిన కలుపు తీశాను. జీవితంలో ఇంత తృప్తి ఎరగను.

మధ్యాహ్నం అత్త ఫోను. "పై మడిలో నా టమాటా నారు పీకిందెవరే?"

ఆ తొడుగులతో ఏది గడ్డో ఏది నారో చేతికి తెలియదు. తప్పు తొడుగులది. ఆ మాటే అత్తతో అన్నాను. "కళ్ళకి కూడా తొడిగావా?" అని పెట్టేసింది.

ఈవిడతో కలిసి వ్యవసాయం చేయడం కష్టం.

13వ తేదీ, శనివారం

ఈరోజు గింజలు పెట్టి తీరాలని బయల్దేరాను. గేటు తీస్తుండగా వాన. పది నిమిషాల్లో ప్యాంటు తడిసి మణుగు బరువైంది, పదకొండు జేబుల్లోనూ నీళ్ళు. డీజిల్ మాత్రం తల మీద ఎరువుల సంచి కప్పుకుని పని చేస్తూనే ఉన్నాడు. కొందరికి సిగ్గు ఉండదు.

ఇంటికొచ్చి డైరీ, ఫోను బయటికి తీసి, ప్యాంటు విప్పి గోనెసంచిలో కుక్కి వెనక గుమ్మం దగ్గర పడేశాను. దాని మొహం చూడాలని లేదు.

రెయిన్‌కోటు ఆర్డరిచ్చాను.

14, 15, 16

వాన. రెయిన్‌కోటు రాలేదు.

17వ తేదీ, బుధవారం

రెయిన్‌కోటు వచ్చింది. వాన ఆగింది.

కోటు పసుపుపచ్చది. అద్దంలో చూసుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "బావుంది" అని చటుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల్నుంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు.

18వ తేదీ, గురువారం. ఉదయం 8.00

అత్త ఫోను. "గింజలు పెట్టావా?"

"పెట్టాను అత్తా."

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎందుకు వచ్చిందో మాత్రం తెలుసు, భయం.

"సరే, ఎల్లుండి ఎనిమిదింటికి డీజిల్ ట్రాక్టరెక్కి వస్తా. చూశాక ఏదో ఒకటి అక్కడే తేల్చేద్దాం."

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం వదిలి నేను చేసిందేమిటి? షాపుల చుట్టూ తిరిగాను. నాకు ఆ పొలం కావాలి. బట్టలకంటే, ఆ క్యాటలాగు ఆవిడ మొహం కంటే, నిజంగా కావాలి. ఈ మాట డైరీలో మొదటి రోజే రాయాల్సింది.

19వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం 3.00

పొద్దున్నే వెళ్ళి గింజలు నాటేద్దామనుకున్నాను, గింజలు కనబడలేదు. డబ్బాలు, సొరుగులు, అటక, మా ఆయన షేవింగు పెట్టె, అన్నీ వెతికాను. ముప్పై ఏళ్ళు అత్త కాపాడిన విత్తనం నేను మూడు వారాల్లో మాయం చేశాను. చివరికి డైరీ తిరగేశాను. 6వ నంబరు. ఎడమ మోకాలు.

గోనెసంచి విప్పాను. వాసన సంగతి రాయను. ప్యాంటు మడతల్లో ఇంకా తడి ఉంది. 6వ నంబరు జేబు మూతని తోసుకుని తెల్లటి మొలకలు బయటికొచ్చి ఉన్నాయి. వేలెడేసి పొడవు, మెడలు వంచుకుని.

గచ్చు మీద కూలబడి లెక్కపెట్టాను. నలభై మూడింట్లో పన్నెండు కుళ్ళిపోయాయి. ముప్పై ఒకటి మొలిచాయి. బూట్లతో, తొడుగులతో, రెయిన్‌కోటుతో నేను చేయలేని వ్యవసాయం, ఎవరూ పట్టించుకోని ఒక జేబు చేసి పెట్టింది.

20వ తేదీ, శనివారం

తెల్లారుతూనే పొలంలో ఉన్నాను. నైటీ, మీద మా ఆయన పాత చొక్కా, ఉత్త కాళ్ళు. బట్టలు మార్చుకోవడం తోచలేదు. ప్యాంటుని పసిబిడ్డలా చేతుల మీద మోసుకెళ్ళాను. పురికొస పట్టి సాలు గీసి, ఒక్కో మొలకా వేళ్ళతో నాటాను. నడుం విరిగింది. వేలికి బొబ్బ లేచి చిట్లింది. రెండూ ఇంటికొచ్చాకే తెలిశాయి.

ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చింది. అత్త దిగి, సాలు పొడవునా చూసి, వంగలేక వంగి ఒక మొలక పక్క మట్టి తాకింది.

"ఈ మట్టి తవ్వి గంట కూడా కాలేదు. ఈ మొలక ఎండ మొహం ఎరగదు. ఎక్కడివే ఇవి?"

ప్యాంటు చూపించాను. దర్జీ నుంచి గోనెసంచి దాకా, పెట్టానని ఫోనులో ఆడిన అబద్ధంతో సహా, ఏదీ దాచకుండా చెప్పేశాను. అత్త గట్టు మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు కన్నా నాలుగు తిట్లు తిట్టినా బావుండేది.

డీజిల్ నవ్వలేదు. సాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "సాలు మాత్రం తిన్నగా వేశారు మేడమ్" అన్నాడు. ఆ మనిషి మీద ఇన్ని రోజులు రాసినవన్నీ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

అత్త కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. "పొలం డీజిల్ చేస్తాడు. ఈ ఒక్క సాలు నీది. రోజూ ఎండెక్కక ముందే వచ్చి నీళ్ళు పొయ్యి. ఇవి కాయ కాసి, నా విత్తనం నా చేతికి తిరిగొస్తే, వచ్చే ఏడు పొలం సంగతి మాట్లాడదాం."

తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇవాళ మాత్రం పనికి తగ్గ బట్టలేసుకొచ్చావు. చిరుగుతుందేమోనని భయం ఉంటే ఎవరూ వంగలేరమ్మాయ్. మీ మామయ్య చొక్కా నేనెందుకు వేసుకుంటాననుకున్నావు?"

ఎకరంన్నర అడిగితే ఒక సాలు దక్కింది. ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది.

21వ తేదీ, ఆదివారం. సాయంత్రం

పొద్దున నీళ్ళు పోసొచ్చాను. ఇరవై తొమ్మిది నిలబడ్డాయి, రెండు వాలిపోయాయి.

రేపటి నుంచి కొత్త నియమం. అయిదున్నరకి లేవడం. ఆరింటికి ముందే నీళ్ళు. నైటీ, చొక్కా, ఉత్త కాళ్ళు. కొనవలసినవి: ఏమీ లేవు. పదకొండు జేబుల ప్యాంటు ఉతికి డీజిల్‌కి ఇచ్చేశాను. వేసుకున్నాడు. అతనికి సరిగ్గా సరిపోయింది, అది నాకు కొంచెం గుచ్చుకుంది.

కొనవలసినవి: ఏమీ లేవు, ఒక్క టోపీ తప్ప. వెడల్పు అంచుది, గడ్డం కింద తాడు ఉండేది. షాపు పదింటికి తెరుస్తారు. రేపు ఒక్క రోజూ ముందు టోపీ చూసుకుని, అటు నుంచి అటే పొలానికి వెళితే సరి.

మా ఆయన నా భుజం మీంచి చదివి, "ఎండెక్కక ముందు పోసే నీళ్ళకి టోపీ ఎందుకు?" అన్నారు.

ఈయనకి వ్యవసాయం గురించి ఏం తెలుసు.