మ్యూరియల్ వేళ్లు

కోవెంట్రీ, 3 మార్చి 1966

ప్రియమైన మ్యూరియల్,

నువ్వు మీ చెల్లి హిల్డా ఇంటికి వెళ్లి మూడు వారాలైంది. ఇంతవరకు ఇంజన్ మీద బిగించే సిలిండర్ హెడ్ ఒక్కటి కూడా పూర్తి చేయలేకపోయాను. గాలి వెళ్లే దారిని కాస్త వెడల్పు చేస్తాను, ఇంకెంత అరగదీయాలో తెలియక ఆగిపోతాను. నీలా లోపల వేలు పెట్టి, గోడ ఎంత పల్చబడిందో, అవతల ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు ఎంత దగ్గరున్నాయో చెప్పడం నాకెక్కడ వచ్చు? నిన్న కారు పని కోసం వచ్చిన పెటిఫర్ ముఖం మీదే అనేశాడు: "ఆవిడ చెయ్యి పడని హెడ్ నా కారుకొద్దయ్యా. నువ్వు నేల ఊడ్చుకో, చాలు!"

నీ అలక దేనికో తెలుసు. ఈ పద్ధతి కనిపెట్టింది నువ్వు, మన షాపు బోర్డు మీద పేరు నాది. రేపే పెయింటర్‌ని పిలిచి నీ పేరు రాయిస్తాను. వచ్చేయ్.

నీ దారి చూస్తూ,
నీ హొరేస్


స్కెగ్‌నెస్, 9 మార్చి

ప్రియమైన హొరేస్,

నేల ఊడవడం కూడా నీకు రాదని పాపం పెటిఫర్‌కి తెలియదు.

బోర్డు కోసం అలిగేదాన్నయితే ఇరవై ఏళ్ల కిందటే వచ్చేసేదాన్ని. నేను చెబుతుంటే ఈ ఉత్తరం హిల్డా రాస్తోంది. నా చేతిలో కలం నిలవడం లేదు. వేళ్లు తెల్లబడి మొద్దుబారిపోయాయి. ఇన్నేళ్లు హెడ్లు అరగదీసిన గ్రైండర్ అదురు వల్లేనట, ఇక తగ్గదట, ఇక్కడి డాక్టర్ చెప్పాడు. జనవరిలో ఆ పచ్చ కారు హెడ్‌కి చిల్లు పడితే లోహం పోత పోయడంలోనే లోపమన్నాను కదా, అబద్ధం. వేలికి ఏమీ తెలియలేదు. తెలిసినట్టు నటించి ఇంకా అరగదీశాను.

ఒక పొద్దున నీ చెంప మీద చెయ్యి వేశాను. నువ్వు గడ్డం గీసుకున్నావో లేదో తెలియలేదు. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను. ఈ చేతులతో నీకేం పనికొస్తాను? ఇదంతా తెలిశాక కూడా రమ్మంటే, వస్తాను.

ప్రేమతో,
మ్యూరియల్


కోవెంట్రీ, 14 మార్చి

ప్రియమైన మ్యూరియల్,

నాకు ముందే తెలుసు.

క్రిస్మస్‌కి ముందు పొగలు కక్కే టీ నీ చేతి మీద ఒలికింది. నువ్వు ఏదో కబురు చెబుతూనే ఉన్నావు, చెయ్యి తీయలేదు. నేనే తుడిచాను. నీ వేళ్లు మైనంలా ఉన్నాయి. అడిగితే పని ఆపాల్సి వస్తుంది. బల్ల మీద నాలుగు హెడ్లు ఎదురుచూస్తున్నాయి. చలికి అలా అయిందిలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గ్రైండర్ తెచ్చి నీ చేతిలో పెట్టింది నేనే. ఆ నాలుగూ నీ చేతే చేయించాను. చిల్లు పడ్డప్పుడు నీ అబద్ధాన్ని నమ్మినట్టు తలూపాను. మొన్న బోర్డు సంగతి రాసింది కూడా ఈ మాట తప్పించుకోవడానికే.

నువ్వు చెప్పే జవాబు రాసేటప్పుడు ఒక్క మాట కూడా మింగొద్దని హిల్డాకి చెప్పు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

నువ్వు లేని ఇల్లు నావల్ల కావడం లేదు. అయినా రావద్దు, మ్యూరియల్. నువ్వు ఎదురుగా ఉంటే, ఏదో ఒక రోజు "ఈ ఒక్కటీ చేసిపెట్టు" అంటాను. నువ్వు కాదనవు.

హొరేస్